పీఎఫ్‌సెన్స్‌లో లాగులన్నీ ఆన్ చేశాం, అలర్టులు మాత్రం ఎవరూ చూడటం లేదు: ఎలా సరిచేయాలి?

మీరు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. విజయవాడలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, దాదాపు అరవై కంప్యూటర్లు, వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసిన రహస్య సొరంగంతో కలిపిన గుంటూరు బ్రాంచి, రెండు ఇంటర్నెట్ లైన్లు, వాటికి ముందు ఒక పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ గుమ్మంలో రాకపోకల్ని ఆపే, వదిలే పెట్టె). లాగింగ్ (జరిగింది రాసి పెట్టడం) అని కనిపించిన ప్రతి గడికీ టిక్ పెట్టారు. అయినా అరగంట వెనక ఏం జరిగిందో చూడలేకపోతున్నారు. బ్లాక్ అయిన ప్రతి ప్యాకెట్‌కూ మెయిల్ వచ్చేలా ఎవరితోనో స్క్రిప్టు రాయించారు. మధ్యాహ్నం కాకముందే మెయిళ్లు వెళ్లడం ఆగిపోయింది. స్క్రిప్టు తీసేసిన వారానికే ఒక రాత్రి రెండు లైన్లూ పోయాయి. ఉదయం ఆఫీసు తాళం తీసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఇవన్నీ చాలవన్నట్టు ఆడిటరు 180 రోజుల లాగులు చూపించమంటున్నారు.

ఇవి నాలుగు సమస్యలు కావు. దాచిపెట్టుకోవాల్సినవీ, మనిషిని నిద్రలేపి చెప్పాల్సినవీ ఒకే కుప్పలో పోశారు, అంతే. దాచేవి ఎన్నైనా దాచండి, కాకపోతే ఫైర్‌వాల్‌లో కాదు, దాని బయట. లేపి చెప్పేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండాలి. ఈ రెండింటినీ విడదీస్తే మీ పని ముప్పాతిక అయిపోయినట్టే.

ముందు ఆ అరగంట సంగతి. పీఎఫ్‌సెన్స్ 2.5 నుంచి లాగులు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటున్నాయి. ఒక్కో ఫైలు సుమారు 500 కేబీకి చేరగానే పక్కకు జరిగి కొత్తది మొదలవుతుంది. పాతవి ఏడు ఉంచి, అంతకు ముందువి చెరిపేస్తుంది. ఫైర్‌వాల్ లాగులో ఒక వరుస 230 బైట్ల దాకా ఉంటుందనుకోండి. సెకనుకు పది వరుసలు వస్తే ఒక ఫైలు నాలుగు నిమిషాల్లోపే నిండుతుంది. ఎనిమిది ఫైళ్లకు కలిపి అరగంట. మీకు కనిపిస్తున్నది సరిగ్గా ఇదే. సెట్టింగ్స్‌లో ఫైలు పరిమాణం, పాత ఫైళ్ల సంఖ్య పెంచుకోవచ్చు, కొంచెం పెంచండి కూడా. కానీ 180 రోజులు అక్కడే ఉంచాలనుకోవద్దు. చిన్న డిస్కు నిండితే ఫైర్‌వాల్ పనే దెబ్బతింటుంది. పైగా లోపలికి చొరబడినవాడు ముందుగా చెరిపేది ఆ పెట్టెలోని లాగులనే.

ఇక ఆ లాగులో ఏముందో ఒక వరుస దగ్గరగా చూద్దాం. తెరమీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మధ్యలో కొన్ని గడులు వదిలేశాను:

4,,,1000000103,ఐజీబీ0,మ్యాచ్,బ్లాక్,ఇన్,4, … టీసీపీ,40,203.0.113.45,198.51.100.10,51324,3389,0,ఎస్ …

మొదటి అంకె రూల్ వరుస సంఖ్య. దీన్ని నమ్ముకోవద్దు, పైన కొత్త రూల్ చేర్చగానే ఇది మారిపోతుంది. నాలుగో గడిలో ఉన్నది ట్రాకర్ సంఖ్య, అది రూల్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. 1000000103 అంటే ఎవరూ ఏ అనుమతీ రాయని ఐపీవీ4 (నాలుగు అంకెల పాత తరహా ఐపీ చిరునామాలు) రాకపోకల్ని ఆపే డిఫాల్ట్ రూల్. మీరు రాసిన రూల్‌కు మీరిచ్చిన వివరణ ఈ వరుసలో ఉండదు, ట్రాకర్ సంఖ్య ఒక్కటే ఉంటుంది. అందుకని ఏ సంఖ్య ఏ రూలో ఒక చిన్న పట్టిక రాసి పెట్టుకోండి, తర్వాత అలర్టులు రాసేటప్పుడు అదే ఆధారం. ఆ తర్వాత ఏ ఇంటర్‌ఫేస్, ఏ దిశ, ఎవరి నుంచి ఎవరికి, ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకు (పోర్టు అంటే యంత్రంలో ఒక్కో సేవకు ఉండే తలుపు సంఖ్య). చివరి అక్షరం అన్నిటికంటే ముఖ్యం. ‘ఎస్’ ఒక్కటే ఉంటే ఎవరో కొత్తగా కనెక్షన్ తెరవాలని చూశారని అర్థం. ‘ఎఫ్ఏ’, ‘ఆర్ఏ’, ‘పీఏ’ వంటివి ఉంటే అది చాలావరకు అప్పటికే ముగిసిన కనెక్షన్‌కు ఆలస్యంగా వచ్చి చేరిన ప్యాకెట్. ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ను మరిచిపోయింది కాబట్టి ఆపేసింది. వీటిని చూసి ‘గూగుల్ మన మీద దాడి చేస్తోంది’ అని కంగారుపడే వాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

పై వరుసలో బయటివాడు మీ 3389 పోర్టును, అంటే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ను తట్టాడు, ఫైర్‌వాల్ తీయలేదు. ఇది వార్తే కాదు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జెడ్‌మ్యాప్ అనే సాధనంతో గిగాబిట్ లైను మీద మొత్తం ఐపీవీ4 ప్రపంచాన్ని 45 నిమిషాల్లోపే తట్టి రావచ్చని చూపించారు. ఇప్పుడు షోడాన్, సెన్సిస్ లాంటి సంస్థలు ఇదే పనిగా తిరుగుతుంటాయి. వాటి వెనక బాట్‌నెట్లు, అంటే దొంగల చేతికి చిక్కిన యంత్రాల దండులు. మీ ఐపీకి వచ్చే ఆ తాకిడి మీ పేరు చూసి వచ్చింది కాదు. ఆపిన వాటికి మెయిల్ పంపడమంటే ఫైర్‌వాల్ తన పని తాను చేసిందని రోజుకు కొన్ని వేలసార్లు చెప్పించుకోవడమే. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మెయిళ్లకు మించి వెళ్లవు, మీ స్క్రిప్టు మధ్యాహ్నానికే ఆగిందంటే కారణం బహుశా ఇదే.

అయితే ఈ వరుసలు లాగులోకి రానివ్వద్దని కాదు. ఉండనివ్వండి. స్టేటస్, సిస్టమ్ లాగ్స్, సెట్టింగ్స్ పేజీలో డిఫాల్ట్ బ్లాక్ రూల్ లాగింగ్ టిక్ అలాగే ఉంచి, బోగన్ (ఎవరికీ కేటాయించని చిరునామాలు), ప్రైవేట్ నెట్‌వర్క్‌ల టిక్‌లు రెండూ తీసేయండి. బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ గోల (ఒక యంత్రం చాలామందికి ఒకేసారి వేసే కేకలు) ఎక్కువగా ఉంటే దానికి లాగ్ లేని బ్లాక్ రూల్ ఒకటి ఆ ఇంటర్‌ఫేస్‌లో చివరన రాయండి. ముఖ్యంగా అతిథుల వైఫైలో ఈ గోల ఎక్కువ. ప్రతి ఫోనూ 5353 మీద, 1900 మీద ప్రింటర్లనూ టీవీలనూ పిలుస్తూనే ఉంటుంది.

అసలు వార్త ఎదురు దిశలో ఉంటుంది. లోపలి యంత్రం బయటికి వెళ్లాలని చూసి ఆగిపోతే అప్పుడు కూర్చుని చదవాలి. మీ దగ్గర ఇప్పుడు అలాంటి వరుసే రాదు, ఎందుకంటే ల్యాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) నుంచి ఎక్కడికైనా వెళ్లనిచ్చే డిఫాల్ట్ రూల్ అలాగే ఉందన్నారు. దాని పైన నాలుగు బ్లాక్ రూల్స్ రాయండి, నాలుగింటికీ లాగ్ టిక్ పెట్టండి. మెయిల్ సర్వర్ తప్ప ఇంకెవరూ 25వ పోర్టు (మెయిల్ పంపేది) మీద బయటికి వెళ్లకూడదు. 445 (విండోస్ ఫైలు షేరింగ్) మీద ఎవరూ వెళ్లకూడదు. డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ అడగడం) అంతా ఫైర్‌వాల్‌నే అడగాలి, 53 మీద నేరుగా బయటికి వెళ్లకూడదు. సీసీ కెమెరాల రికార్డర్ మీరు అనుమతించిన చిరునామాకు తప్ప మరెక్కడికీ వెళ్లకూడదు. ఈ నాలుగోది తేలిగ్గా తీసుకోకండి. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ ప్రపంచాన్ని వణికించింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రికార్డర్లనూ పట్టుకునే. అది సోకిన రికార్డర్ చేసే మొదటి పని 23, 2323 పోర్టుల (టెల్‌నెట్ అనే పాత రిమోట్ లాగిన్) మీద ఇంకొకరి కోసం వెతకడం. అంటే మీ లాగులో 192.168.10.47 నుంచి ఊరూపేరూ తెలియని చిరునామాలకు 23వ పోర్టు మీద వరసగా ‘ఎస్’లు కనిపిస్తాయి. బయటి నుంచి వచ్చే లక్ష తట్టుళ్ల కంటే ఈ పది వరుసలు విలువైనవి.

సరే, 192.168.10.47 ఎవరు? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. వారం తర్వాత చూస్తే ఆ ఐపీ ఇంకో యంత్రం దగ్గర ఉంటుంది. అందుకే బయటి లాగ్ సర్వర్‌కు ఫైర్‌వాల్ లాగు ఒక్కటే పంపితే సరిపోదు, యంత్రాలకు ఐపీలు పంచే డీహెచ్‌సీపీ లాగు కూడా పంపాలి. ఆ సమయంలో ఆ ఐపీని ఏ మ్యాక్ చిరునామాకు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఇచ్చిందో అందులో ఉంటుంది. ఫోన్లు ఈమధ్య వైఫైకి మారు మ్యాక్‌లు చూపిస్తున్నాయి కాబట్టి ఆఫీసు యంత్రాలకూ రికార్డర్లకూ ఐపీలు కట్టేసి, ఫోన్లను వేరే వీల్యాన్‌లోకి (అదే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్) తోసేయండి.

అనుమతించిన వాటి లాగు గురించీ అడిగారు. పీఎఫ్‌సెన్స్ మామూలుగా వీటిని రాయదు. పోర్ట్ ఫార్వర్డ్ రూల్స్ (బయటివాళ్లను లోపలి యంత్రం దగ్గరికి పంపేవి), వీపీఎన్ ఇంటర్‌ఫేస్ మీది రూల్స్, సర్వర్లకు వెళ్లే రూల్స్: వీటికి ఇవాళే లాగ్ పెట్టండి. ల్యాన్ నుంచి బయటికి పోయే మామూలు రాకపోకలకు లాగ్ సర్వర్ నిలబడ్డాక పెట్టండి. ఒక్కో కనెక్షన్‌కు ఒక్క వరుసే రాస్తుంది కాబట్టి భయపడేంత ఉండదు. ‘దండగ, డిస్కు తినేస్తుంది’ అనేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. డేటా పోయిన రోజున ఏ యంత్రం నుంచి పోయింది, ఎటు పోయింది అని అడుగుతారు. ఆపిన వాటి లాగులో ఆ జవాబు ఉండదు, వెళ్లనిచ్చిన వాటి లాగులోనే ఉంటుంది.

లాగ్ సర్వర్‌కు కొత్త యంత్రం కొనక్కర్లేదు. మూలన పడేసిన డెస్క్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, మంచి డిస్కు ఉంటే డెబియన్ లినక్స్ వేసి, లాగులు అందుకుని దాచే ఆర్‌సిస్‌లాగ్ నడపండి. సెకనుకు పది వరుసలంటే రోజుకు 8,64,000 వరుసలు, దాదాపు 200 ఎంబీ. 180 రోజులకు 36 జీబీ. పాత ఫైళ్లను జిప్ చేస్తే లాగులు బాగా కుదించుకుపోతాయి, అందులో చిన్న భాగమే మిగులుతుంది. పాస్ లాగులు కలిసి ఇది నాలుగింతలైనా ఇప్పటి డిస్కులకు లెక్కలోది కాదు. వెతకడానికి, నియమాలు రాసుకోవడానికి మంచి తెర కావాలంటే వాజూ అనే సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. ఉచితం, పీఎఫ్‌సెన్స్ లాగును చదవడం దానికి ముందే వచ్చు. గ్రేలాగ్ కూడా మంచిదే, కానీ దాని వెనక ఓపెన్‌సెర్చ్, మాంగోడీబీ అనే మరో రెండు సాఫ్ట్‌వేర్లు నడవాలి. అరవై కంప్యూటర్ల ఆఫీసుకు ఆ సంసారం ఎక్కువ. ముందు ఆర్‌సిస్‌లాగ్‌తో మొదలుపెట్టండి.

ఫైర్‌వాల్ వైపు చేయాల్సింది అదే సెట్టింగ్స్ పేజీ అడుగున ఉంటుంది. రిమోట్ లాగింగ్ ఆన్ చేసి సర్వర్ ఐపీ, 514 పోర్టు ఇవ్వండి. మూడు సర్వర్ల దాకా ఇవ్వవచ్చు. ఏవి పంపాలో ఎంచుకునే చోట సిస్టమ్, ఫైర్‌వాల్, డీహెచ్‌సీపీ, లాగిన్, వీపీఎన్, గేట్‌వే సంఘటనలకు టిక్ పెట్టండి. డీఎన్ఎస్ ఇప్పటికి వద్దు. సోర్స్ అడ్రస్ అనే గడిని అందరూ డిఫాల్ట్‌కు వదిలేస్తారు. అక్కడ ల్యాన్ ఎంచుకోండి. గుంటూరు ఫైర్‌వాల్ లాగులు వీపీఎన్ మీదుగా విజయవాడకు రావాలంటే ఇది తప్పనిసరి. లేకపోతే ప్యాకెట్ బయటి ఐపీతో బయల్దేరి సొరంగంలోకి రాకుండా ఇంటర్నెట్‌లోకి పోతుంది. లాగులు పంపే ఈ అంతర్గత సిస్‌లాగ్ యూడీపీ మాత్రమే మాట్లాడుతుంది, అంటే అందిందో లేదో చూడదు, గుప్తీకరించదు. దారిలో పోయిన వరుస పోయినట్టే, ఎవరైనా వింటే విన్నట్టే. ఒకే గదిలో, ఒకే స్విచ్ మీద అయితే పరవాలేదు. అంతకు మించితే సిస్‌లాగ్ ఎన్‌జీ ప్యాకేజీ వేసి, గుప్తీకరించే టీఎల్ఎస్‌తో 6514 మీద పంపండి.

సర్వర్‌ను వేరే వీల్యాన్‌లో పెట్టి, దాని దగ్గరికి ఫైర్‌వాల్‌ల నుంచి లాగ్ పోర్టు, మీ యంత్రం నుంచి ఎస్ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) తప్ప ఏదీ రానివ్వకండి. ఫైర్‌వాల్ పాస్‌వర్డ్‌నే దీనికీ పెట్టడం మాత్రం వద్దు. ఒకటి పోతే రెండూ పోవడానికి అంత ఖర్చు దేనికి?

లాగ్ ఫార్మాట్ దగ్గర రెండు ఎంపికలుంటాయి. పాత బీఎస్‌డీ పద్ధతి 2001లో ఆర్ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ పత్రంగా అక్షరబద్ధమైంది. అందులో తేదీకి సంవత్సరం ఉండదు, టైమ్ జోన్ ఉండదు. 2009 నాటి ఆర్ఎఫ్‌సీ 5424లో రెండూ ఉంటాయి. రెండోది ఎంచుకోండి. డిసెంబరు లాగు మార్చిలో చదివే రోజు వస్తుంది. టైమ్ జోన్‌ను ఏషియా, కోల్‌కతాకు మార్చి ఫైర్‌వాల్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఒక పెట్టె యూటీసీలో (అంతర్జాతీయ సమయం), ఇంకొకటి మన టైములో ఉంటే ఐదున్నర గంటల తేడాతో ఎవరో అమాయకుడి లాప్‌టాప్ దోషి అవుతుంది.

ఆడిటరు అడుగుతున్నది కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఐటీ చట్టం 70బీ సెక్షన్ కింద ఇచ్చిన ఆదేశాల ప్రకారం. అన్ని వ్యవస్థల లాగులూ ఆన్ చేయాలి, ఎప్పటికప్పుడు గడిచిన 180 రోజులవి భద్రంగా ఉంచాలి, అవి భారత పరిధిలో ఉండాలి. గడియారాలను ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్ సర్వర్లతోనో, వాటికి అనుసంధానమైన సర్వర్లతోనో సరిచూసుకోవాలి. పీఎఫ్‌సెన్స్‌లో మొదట ఉండే టైమ్ సర్వర్ పూల్‌ను తీసి ఎన్ఐసీ వారి ‘సమయ్’ సర్వర్లు పెట్టుకుంటే ఆ ముక్క పూర్తవుతుంది. ఆదేశాల్లో అందరూ 180 దగ్గరే ఆగుతారు, నన్నడిగితే బిగువైనది ఇంకొకటి: జాబితాలో చెప్పిన సంఘటన ఏదైనా జరిగితే, అది గమనించిన లేదా మన దృష్టికి వచ్చిన ఆరు గంటల్లోపు సెర్ట్ ఇన్‌కు తెలియజేయాలి. ఆ ఆరు గంటల్లో ఎంతసేపు ‘అసలేం జరిగింది’ అని వెతకడానికే పోతుందో మీ లాగుల అమరిక తేలుస్తుంది.

ఇక అలర్టులు. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల సంస్థ నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. వాళ్ల దగ్గర ఫైర్‌ఐ వారి ఖరీదైన వ్యవస్థ ఉంది, అది హెచ్చరించింది కూడా. ఆ ఏడాది నవంబర్ 30న బెంగళూరులో కూర్చున్న వాళ్ల బృందం ఆ హెచ్చరిక చూసి మినియాపొలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి చేరవేసిందని మరుసటి ఏడాది పత్రికల్లో వచ్చింది. అక్కడ ఎవరూ కదల్లేదు. సాధనం పని చేసింది, మనుషులు చెప్పారు కూడా. రోజూ ‘నాన్నా పులి’ అని వినిపిస్తుంటే నిజం పులి వచ్చిన రోజున ఎవరూ కర్ర పట్టుకుని పరిగెత్తరు.

కాబట్టి ప్రతి అలర్టుకూ ఒకటే పరీక్ష పెట్టండి: ఇది అర్ధరాత్రి వస్తే ఎవరు లేస్తారు, లేచి ఏం చేస్తారు? జవాబు లేకపోతే అది అలర్టు కాదు, ఉదయం రిపోర్టులో ఒక వరుస.

మీ ఆఫీసుకు ఈ పరీక్షలో నెగ్గేవి ఇవీ. మొదటిది, ఫైర్‌వాల్‌లోకి ఎవరైనా లాగిన్ కావడం, అందులో ఏదైనా మార్చడం. పీఎఫ్‌సెన్స్ ప్రతి విజయవంతమైన లాగిన్‌నూ యూజర్ పేరు, ఐపీతో సహా రాస్తుంది. కాన్ఫిగరేషన్ మారినప్పుడు ఏ పేజీ నుంచి, ఎవరు, ఏ ఐపీ నుంచి, ఏం మార్చారో కూడా రాస్తుంది. విఫలమైన లాగిన్లకు అందరూ అలర్టు పెడతారు, విజయవంతమైన వాటికి పెట్టరు. నాకు ఇది ఎప్పుడూ తలకిందులుగా అనిపిస్తుంది. తాళం తెరుచుకోని దొంగతో వచ్చే నష్టమేమిటి? మీరిద్దరే అడ్మిన్లు కాబట్టి ఈ అలర్టు వారానికి ఒకటో రెండో వస్తుంది. వచ్చినప్పుడు ‘నేనే’ అని రెండో వ్యక్తికి ఒక మాట చెప్పుకుంటే చాలు.

రెండోది, పైన చెప్పిన లోపలి నుంచి బయటికి వెళ్లే నాలుగు బ్లాక్ రూల్స్. ఒక్క వరుసకే మోగించకండి. ఒకే లోపలి ఐపీ నుంచి ఐదు నిమిషాల్లో ఇరవై వరుసలు దాటితే మోగాలి, మోగాక అదే ఐపీకి గంటపాటు మళ్లీ మోగకూడదు. ఈ అంకెలు నా అంచనా మాత్రమే, వారం రోజులు మీ లాగు చూసి సవరించుకోండి. డీఎన్ఎస్ రూలుకు మాత్రం ఈ గీత బాగా పైన పెట్టాలి. ఫోన్లూ టీవీలూ 8.8.8.8ను అడగకుండా ఉండలేవు. రికార్డర్ రూలుకు గీత అసలు వద్దు, ఒక్క వరుసైనా మోగనివ్వండి.

మూడోది వీపీఎన్. పనివేళలు కాని సమయంలో వచ్చిన లాగిన్, లేదా వరసగా విఫలమై ఆ తర్వాత విజయం సాధించిన లాగిన్. గుంటూరు సొరంగం పడిపోతే అది అలర్టే, కానీ ఐదు నిమిషాలు ఆగి.

వాజూ వేస్తే వీటన్నిటినీ నియమాలుగా రాసుకోవచ్చు. అందులో ప్రతి సంఘటనకూ ఒక స్థాయి ఉంటుంది. మామూలుగా 3, అంతకు పైబడినవి నమోదవుతాయి, 12, అంతకు పైబడినవే మెయిల్‌కు వెళ్తాయి. గంటకు పన్నెండు మెయిళ్లకు మించి పంపదు. ఆ 12ను తగ్గించాలన్న కోరిక మొదటి వారంలోనే పుడుతుంది, ఆపుకోండి. మీకు కావలసిన రెండు మూడు నియమాలను 12కు పైకి తీసుకెళ్లండి.

నాలుగోది లైన్లు పోవడం. ఇందులో మీరు పడ్డ ఇబ్బందికి కారణం రెండు చోట్ల ఉంది. పీఎఫ్‌సెన్స్ గేట్‌వే (ఒక్కో లైనుకు బయటి ద్వారం) బాగుందో లేదో చూడటానికి డిఫాల్ట్‌గా ఆ గేట్‌వే ఐపీనే పింగ్ చేస్తుంది, అంటే పిలిచి పలుకుతుందా అని చూస్తుంది. మీ సర్వీస్ ప్రొవైడర్ పెట్టె పక్కనే ఉంటే అది పలుకుతూనే ఉంటుంది, దాని వెనక ఇంటర్నెట్ చచ్చిపోయినా సరే. సిస్టమ్, రౌటింగ్ కింద ప్రతి గేట్‌వేకూ మానిటర్ ఐపీగా బయటిది ఇవ్వండి. ఒకదానికి 8.8.8.8, రెండోదానికి 1.1.1.1. రెండింటికీ ఒకటే ఇవ్వడం కుదరదు. డిఫాల్ట్ గేట్‌వేగా రెండు లైన్ల గ్రూపును ఎంచుకోండి, అప్పుడే మొదటి లైను పోయిన సంగతి రెండో లైను మీదుగా మీకు చేరుతుంది. ప్యాకెట్ నష్టం 20 శాతానికి చేరితే గేట్‌వే పోయినట్టు లెక్కగడుతుంది, సగటు తీసేది 60 సెకన్లకు. వానాకాలంలో ఊగిసలాడే లైనైతే ఇది రోజంతా పోయిందీ వచ్చిందీ అని నస పెడుతుంది. ఆ లైనుకు నష్టం పరిమితి 30కి, సమయం రెండు నిమిషాలకు పెంచండి.

నోటిఫికేషన్లు సిస్టమ్, అడ్వాన్స్‌డ్, నోటిఫికేషన్స్‌లో ఉంటాయి: మెయిల్, టెలిగ్రామ్, పుషోవర్, స్లాక్. ఒకటి గుర్తుంచుకోండి, ఇక్కడి నుంచి వెళ్లేవి గేట్‌వే, సర్టిఫికెట్ గడువు వంటి ఫైర్‌వాల్ సొంత సమాచారాలే. ఫలానా ఐపీ ఆగిపోయిందని ఇది చెప్పదు, అది లాగ్ సర్వర్ పని. అర్జెంటు వాటికి టెలిగ్రామ్ పెట్టుకోండి. టెలిగ్రామ్‌లోనే ఉండే బాట్‌ఫాదర్ దగ్గర ఒక బాట్ చేసి, దాని కీ, మీ ఇద్దరి గ్రూపు సంఖ్య ఇస్తే సరి. రోజువారీ రిపోర్టుకు మెయిల్ చాలు. జీమెయిల్ వాడితే 2022 మే నుంచి మామూలు పాస్‌వర్డ్ పని చేయదు. రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. 465 పోర్టుకైతే ఎస్ఎస్ఎల్ గడికి టిక్ పెట్టాలి. 587కైతే పెట్టకూడదు, దానంతట అదే స్టార్ట్ టీఎల్ఎస్‌కు మారుతుంది. సగం మంది ‘మెయిల్ వెళ్లడం లేదు’ అనేది ఈ ఒక్క టిక్ వల్లే.

మరి రెండు లైన్లూ ఒకేసారి పోతే? కరెంటే పోయి యూపీఎస్ అయిపోతే? ఏ సెట్టింగూ మిమ్మల్ని కాపాడదు, చెప్పాల్సినవాడికే నోరు లేదు. బయటి నుంచి ఎవరో చూస్తూ ఉండాలి. మీకు గుంటూరు బ్రాంచి ఉండటం ఇక్కడ అదృష్టం. అక్కడ ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న యంత్రం ఏదైనా విజయవాడ రెండు పబ్లిక్ ఐపీలనూ నిమిషానికోసారి పింగ్ చేసి, ఐదు నిమిషాలు పలక్కపోతే తన లైను మీదుగా టెలిగ్రామ్‌కు పంపాలి. విజయవాడ వైపు వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) రూల్స్‌లో గుంటూరు ఐపీకి పింగ్ అనుమతించడం మరవద్దు. అదే పని తిరగేసి విజయవాడ నుంచి గుంటూరుకూ పెట్టండి. బ్రాంచి లేనివాళ్లు హెల్త్‌చెక్స్ లాంటి బయటి సేవ వాడుకోవచ్చు. మీ యంత్రం ఐదు నిమిషాలకోసారి దానికి హాజరు పలుకుతుంది, పలకని రోజున అది మీకు చెబుతుంది.

లాగులకూ ఇదే సూత్రం. యూడీపీ కాబట్టి సర్వర్ చచ్చినా ఫైర్‌వాల్‌కు తెలియదు, ఎవరో సర్వర్ ఐపీ మార్చినా తెలియదు, రెండు నెలల తర్వాత ఆడిటరు అడిగినప్పుడు తెలుస్తుంది. లాగ్ సర్వర్‌లో ఒక క్రాన్ (వేళ ప్రకారం దానంతట అదే నడిచే పని) పెట్టండి: ఫైర్‌వాల్ లాగు ఫైలు చివరిసారి మారి పది నిమిషాలు దాటితే టెలిగ్రామ్‌కు పంపాలి. ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్ తట్టుతూనే ఉంటుంది కాబట్టి పది నిమిషాల మౌనం సహజంగా రాదు. వ్యాన్ బ్లాక్ లాగు ఆపొద్దని పైన అన్నది ఇందుకూ పనికొస్తుంది. డిస్కు 80 శాతం దాటినా అదే క్రాన్ చెప్పాలి.

అన్నీ పెట్టాక పరీక్షించకుండా ఇంటికి వెళ్లకండి. ఒక ఆఫీసు కంప్యూటర్ నుంచి బయటి ఏదైనా చిరునామాకు 25వ పోర్టు మీద టెల్‌నెట్ చేయండి, లాగులో ఆ ట్రాకర్ సంఖ్యతో వరుస రావాలి. ఇరవైసార్లు చేస్తే ఫోను మోగాలి. ఒక లైను కేబుల్ పీకండి, తర్వాత రెండోదీ పీకండి. మొదటిది ఫైర్‌వాల్ చెప్పాలి, రెండోది గుంటూరు చెప్పాలి. లాగ్ సర్వర్ నెట్‌వర్క్ తీగ కాసేపు తీసి పెట్టండి. ఈ స్థితిలో క్రాన్‌కు మౌనం తెలుస్తుంది కానీ చెప్పే దారి లేదు, కాబట్టి లాగ్ సర్వర్‌ను కూడా గుంటూరు పింగ్ జాబితాలో వీపీఎన్ మీదుగా చేర్చుకుని, దాని వీల్యాన్‌లోకి ఆ ఒక్క పింగ్‌ను అనుమతించాల్సి ఉంటుంది. సమస్యలు ఇలా తీగ పీకినప్పుడే బయటపడతాయి.

పని మొదలుపెట్టాల్సిన వరుస అడిగారు. ఈ సాయంత్రం టైమ్ జోన్, మానిటర్ ఐపీలు, టెలిగ్రామ్. రేపు లాగ్ సర్వర్. బయటికి వెళ్లే బ్లాక్ రూల్స్‌ను ముందు లాగ్ ఉన్న పాస్ రూల్స్‌గా రాసి వారం గమనించండి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో 25 మీద నేరుగా రసీదులు పంపుతూ ఉండవచ్చు, తెలియకుండా ఆపితే బుకింగ్ కౌంటరు నుంచి మీకు వచ్చే ఫోను ఏ అలర్టుకన్నా గట్టిగా ఉంటుంది. వారం తర్వాత బ్లాక్‌కు మార్చండి.

రూల్స్ పేజీ స్క్రీన్‌షాట్ పెడితే చూస్తాను, పబ్లిక్ ఐపీలు చెరిపి పెట్టండి. కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఫైలు మాత్రం ఎవరడిగినా ఇక్కడ పెట్టకండి. అందులో వీపీఎన్ కీలు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉంటాయి, ఇప్పుడు పెట్టబోయే టెలిగ్రామ్ కీ కూడా అందులోకే చేరుతుంది.